ఏడాది మ్యూనిక్‌లో ఉన్నా ఎన్నారై కాలేదు: ఒక కేస్ స్టడీ

ఈ కేసు నా దగ్గరికి 2023 జూలైలో వచ్చింది, ఆదాయపు పన్ను రిటర్న్ గడువు ఇంకో మూడు వారాలుండగా. క్లయింటు సొంతూరు విజయవాడ, ఉద్యోగం హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో. కంపెనీ ఆవిడని ఒక ఏడాదికి మ్యూనిక్ ఆఫీసుకి పంపింది. భర్త, స్కూలుకెళ్లే పాప మియాపూర్‌లోని సొంత ఫ్లాట్‌లోనే ఉండిపోయారు. విజయవాడలో ఇంకో ఫ్లాట్ అద్దెకిచ్చారు, కొన్ని ఎఫ్‌డీలున్నాయి. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, అంకెలు గుండ్రం చేశాను, పన్ను లెక్క తీరు మాత్రం అసలుదే.

ఫోన్‌లో మొదటి మాట, "సార్, నేను ఎన్నారైని కదండీ, జర్మనీ జీతం ఇక్కడ చూపించక్కర్లేదు కదా?" అప్పటికే పోర్టల్‌లో నాన్ రెసిడెంట్ అని టిక్ పెట్టి, ఇక్కడి జీతం, అద్దె మాత్రమే వేసి రిటర్న్ సిద్ధం చేసుకున్నారు, ఒక్క బటన్ నొక్కడమే మిగిలింది. "అది సబ్మిట్ చెయ్యకండమ్మా, ముందు పాస్‌పోర్ట్‌లో స్టాంపులున్న పేజీలన్నీ ఫోటో తీసి పంపండి" అన్నాను. విదేశం వెళ్ళొచ్చిన ఎవరి కేసైనా నేను ఇక్కడే మొదలుపెడతాను. వీసా ఏంటి, జీతం ఏ దేశం నుంచి వస్తోంది, బ్యాంకులో ఖాతా ఏ రకం, ఇవన్నీ తర్వాత. మన ఆదాయపు పన్ను చట్టం ముందు అడిగేది ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 వరకు నువ్వు ఇండియాలో ఎన్ని రోజులున్నావు అనే.

స్టాంపుల ప్రకారం ఆవిడ హైదరాబాద్ నుంచి ఫ్లైట్ ఎక్కింది 2022 అక్టోబర్ 7న. కంపెనీ సెప్టెంబర్ మధ్యలోనే చేరమంటే, దసరా అయ్యాక వెళ్తానని అడిగి తేదీ జరుపుకున్నారు. ఆ ఏడు విజయదశమి అక్టోబర్ 5న వచ్చింది, అమ్మవారి దర్శనం చేసుకుని మర్నాడు హైదరాబాద్ వచ్చి, ఆ పై రోజు బయల్దేరారు. మళ్ళీ జనవరి 8న సంక్రాంతికి వచ్చి 20న వెళ్ళారు. ఇప్పుడు లెక్క చూడండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఆరు నెలలకే 183 రోజులు, అక్టోబర్‌లో 7, సంక్రాంతికి 13, మొత్తం 203. దిగిన రోజు, ఎక్కిన రోజు రెండూ కలిపే లెక్కేస్తాను, ఆ రోజులు తీసేయొచ్చని వాదనలున్నా క్లయింటుని వాటి మీద నిలబెట్టను. 182 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే రెసిడెంట్, ఇక దాని మీద ఆలోచించేదేమీ లేదు. 2022-23కి ఆవిడ రెసిడెంట్.

"మరి ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళకి మినహాయింపు ఉందంటారు కదా?" అని అడిగారు. ఉంది, కానీ చాలామంది అనుకునే మినహాయింపు కాదు అది. మామూలుగా ఇంకో షరతు కూడా ఉంటుంది: ఆ ఏడాదిలో 60 రోజులు, అంతకు ముందు నాలుగేళ్లలో కలిపి 365 రోజులు ఇండియాలో ఉంటే అప్పుడూ రెసిడెంటే. ఉద్యోగం కోసం దేశం దాటి వెళ్ళే భారత పౌరుడికి, వెళ్ళిన ఆ సంవత్సరానికి మాత్రం, ఈ 60 స్థానంలో 182 చదువుకోవాలి. అంతవరకే. 182 దాటేశాక ఏ మినహాయింపూ కాపాడదు.

ఇక్కడ నాకు బాధ కలిగించిన విషయం చెప్తాను. కంపెనీ మొదట అడిగినట్టు సెప్టెంబర్ 15న ఎక్కి, సంక్రాంతికి అవే పదమూడు రోజులు వచ్చి ఉన్నా, 168కి 13 కలిపి 181 అయ్యేది. నాన్ రెసిడెంట్. అక్కడ చేసిన పనికి అక్కడే అందుకున్న జీతం మీద ఇక్కడ రూపాయి పన్ను ఉండేది కాదు. పండక్కి ఆగడం తప్పని నేననను, ఇంట్లో అమ్మానాన్నలు పెద్దవాళ్ళు, పాపని వదిలి వెళ్తున్నారు, ఆగాల్సిందే. కానీ ఆ ఆగడానికి ధర ఎంతో తెలిసి ఆగడం వేరు, తెలియక ఆగడం వేరు. సంక్రాంతి ప్రయాణం సంగతి కూడా అంతే. సెప్టెంబర్ 26న వెళ్ళాను, 179 రోజులే, నేను సేఫ్ అనుకునేవాళ్ళు జనవరిలో వారం రోజులు వచ్చారంటే 186 అయిపోతుంది. వెళ్ళిన ఏడాదిలో మధ్యలో వచ్చిన ప్రతిరోజూ లెక్కలోకి వస్తుంది.

సరే, 2022-23 పోయింది, కనీసం 2023-24లో అయినా ఎన్నారై అవుతానా అని అడిగారు. తిరుగు టికెట్ అప్పటికే 2023 అక్టోబర్ 10కి తీసుకున్నారు. అక్టోబర్ 10 నుంచి మార్చి 31 దాకా, ఫిబ్రవరికి 29 రోజులేసుకుని, 174. ఆ ఏడు ఏప్రిల్ తర్వాత మధ్యలో ఇండియా రాలేదు. 182 కంటే తక్కువే కదా అని సంబరపడే చోటే అసలు చిక్కుంది. ఇందాకటి 60 రోజుల షరతు ఇప్పుడు పూర్తిగా వర్తిస్తుంది. ఉద్యోగానికి వెళ్ళినవాళ్ళ సడలింపు వెళ్ళిన ఏడాదికే. చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళే ఎన్నారైలకి వేరే సడలింపు ఉంది కానీ, ఈవిడ మూటాముల్లె సర్దుకుని తిరిగొచ్చేశారు, దాన్ని విజిట్ అనలేం. 174 రోజులు 60 కంటే ఎక్కువ, వెనక నాలుగేళ్లలో 365 ఎప్పుడో దాటేశారు. కాబట్టి మళ్ళీ రెసిడెంట్. గత ఏడేళ్లలో 729 రోజులకి మించి ఇక్కడే ఉన్నారు కాబట్టి "నాట్ ఆర్డినరిలీ" అనే మధ్యరకం హోదా కూడా దక్కదు.

నిండా ఒక ఏడాది జర్మనీలో ఉన్న మనిషి, మన పన్ను చట్టం దృష్టిలో అటు ఏడూ ఇటు ఏడూ ఇక్కడి రెసిడెంటే. ఆరు నెలలు అటు, ఆరు నెలలు ఇటు పడేలా వెళ్ళొచ్చే ప్రతి ఒక్కరికీ దాదాపు ఇదే జరుగుతుంది. రెసిడెంట్ అంటే ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా ఇక్కడ చూపించాల్సిందే.

మరి జర్మనీ సంగతి? అక్కడ ఇల్లు తీసుకుని ఉంటే, లేదా ఆరు నెలలు దాటి ఉంటే, వాళ్ళ చట్టం ప్రకారం కూడా అక్కడి పన్ను రెసిడెంటే. ఇల్లు మారిన రెండు వారాల్లో అక్కడి మునిసిపల్ ఆఫీసులో అడ్రస్ నమోదు చేసుకోవాలి, దాన్ని 'అన్‌మెల్డుంగ్' అంటారు. అది అయ్యాక కొన్ని వారాలకి పోస్టులో 11 అంకెల పన్ను నంబర్ వస్తుంది. అది కంపెనీకి ఇవ్వకపోతే జీతం మీద అన్నిటికంటే బరువైన ఆరో తరగతి కింద పన్ను కోస్తారు. ఈవిడ నంబర్ సకాలంలో ఇచ్చారు కాబట్టి మొదటి తరగతి, అంటే ఒంటరి మనిషి లెక్క. పెళ్లయింది కదా అంటే, భర్త ఇండియాలో ఉంటే పెళ్లయినవాళ్ళ తరగతులు ఇవ్వరు. ఆ నమోదు ఫారంలో మతం అనే గడి ఒకటుంటుంది. ఈ కేసుకి సంబంధం లేకపోయినా చెప్తున్నాను, గుంటూరు వైపు లూథరన్, క్యాథలిక్ కుటుంబాల నుంచి వెళ్ళేవాళ్ళు ఆ గడి నింపేముందు తెలుసుకోవాలి. అక్కడి అధికారిక చర్చి సభ్యులుగా నమోదైతే ఆదాయపు పన్ను మీద ఇంకో 8 లేదా 9 శాతం చర్చి పన్ను పడుతుంది, మ్యూనిక్ ఉన్న బవేరియాలో 8. కట్టాలా వద్దా అన్నది వాళ్ళ విశ్వాసానికి సంబంధించిన నిర్ణయం, నేను చెప్పేది కాదు, కానీ జీతం స్లిప్పు చూశాక ఆశ్చర్యపోకూడదు.

రెండు దేశాలూ నువ్వు మా రెసిడెంటే అంటే, రెండింటి మధ్య ఉన్న డీటీఏఏ (ఒకే ఆదాయం మీద రెండుసార్లు పన్ను పడకుండా చేసుకున్న ఒప్పందం) తీసి నాలుగో ఆర్టికల్ చూస్తాం. వరసగా ప్రశ్నలుంటాయి: శాశ్వత నివాసం ఎక్కడుంది, రెండు చోట్లా ఉంటే కుటుంబ, ఆర్థిక సంబంధాలు ఎటు దగ్గర, అదీ తేలకపోతే మామూలుగా ఉండేదెక్కడ, ఆ తర్వాత పౌరసత్వం. ఈవిడకి మ్యూనిక్‌లో అద్దె ఇల్లుంది, మియాపూర్‌లో భర్త, పాప ఉంటున్న సొంతిల్లుంది, ఏ రోజు వచ్చినా తలుపు తీసుకుని లోపలికెళ్ళొచ్చు. ఇళ్ళు రెండు చోట్లా ఉన్నట్టే. సంబంధాలు ఎటు దగ్గరంటే చెప్పనక్కర్లేదు. ఒప్పందం ప్రకారం కూడా ఇండియాకే మొగ్గు. ఇదే పరిస్థితిలో కుటుంబం మొత్తం వెళ్ళి, ఇక్కడి ఇంటిని లీజు రాసి అద్దెకిచ్చేసి ఉంటే, అందుబాటులో ఉన్న ఇల్లు మ్యూనిక్‌లో మాత్రమే అయ్యేది. జర్మనీ పన్ను ఆఫీసు నుంచి రెసిడెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుని, అక్కడి జీతానికి ఇక్కడ మినహాయింపు అడగడానికి గట్టి ఆధారం దొరికేది. అందుకే వెళ్ళేముందు ఇల్లు ఖాళీగా తాళమేసి వెళ్తున్నారా, అద్దెకిస్తున్నారా అని నేను గుచ్చిగుచ్చి అడుగుతాను.

కాబట్టి మిగిలిన దారి ఒక్కటే. మొత్తం ఆదాయం ఇక్కడ చూపించి, జర్మనీలో కట్టిన పన్నుకి క్రెడిట్ తీసుకోవడం, అంటే ఆ మేరకు ఇక్కడి పన్నులో తగ్గించుకోవడం. 2022-23 లెక్క ఇలా వచ్చింది. ఇక్కడి జీతం 13 లక్షల చిల్లర, జర్మనీ జీతం 24 లక్షలు, అద్దె, వడ్డీ కలుపుకుని మినహాయింపులన్నీ పోగా 37.5 లక్షలు. పాత విధానంలో సెస్సుతో కలిపి పన్ను 9.75 లక్షలు. జర్మనీ పన్ను సుమారు 4.1 లక్షలు, ఇక్కడ టీడీఎస్ 2.1 లక్షలు. పోగా ఇంకా మూడున్నర లక్షలు కట్టాలి. ఆ మాట చెప్పగానే ఫోన్‌లో చాలాసేపు మాట్లాడలేదు ఆవిడ. తర్వాత, "అక్కడ జీతంలో నలభై శాతం దాకా పోతోంది సార్, ఇంకా ఇక్కడా కట్టాలా?" అన్నారు.

న్యాయమైన ప్రశ్నే. జర్మనీ జీతంలో పోయే నలభై శాతంలో ఆదాయపు పన్ను సగం కూడా కాదు. మిగతాది పెన్షన్, ఆరోగ్య బీమా, నిరుద్యోగ బీమా, వృద్ధాప్య సంరక్షణ చందాలు. అవి ఆదాయపు పన్ను కాదు కాబట్టి క్రెడిట్‌కి పనికిరావు. ఇందులో పెన్షన్ చందా ఒక్కటైనా తప్పించుకునే మార్గం ఉండేది. ఇండియా, జర్మనీల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం 2017 మే నుంచి అమల్లో ఉంది. ఇక్కడి పేరోల్ మీదే ఉంచి, పీఎఫ్ కడుతూ, ఈపీఎఫ్‌ఓ నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తీసుకుని పంపితే 48 నెలల దాకా అక్కడ పెన్షన్ చందా కట్టక్కర్లేదు. ఈవిడని అక్కడి పేరోల్‌కి మార్చేశారు, కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. జీతం ఎంతో అడిగినంత గట్టిగా ఏ పేరోల్ మీద పంపుతున్నారో కూడా హెచ్‌ఆర్‌ని అడగాలి.

క్రెడిట్ విషయంలో ఎక్కువ టైం పట్టింది రెండు దేశాల సంవత్సరాలు కలవకపోవడం వల్ల. జర్మనీకి జనవరి నుంచి డిసెంబర్. మన 2022-23లో పడేది వాళ్ళ 2022లో ఆఖరి మూడు నెలలు, 2023లో మొదటి మూడు నెలలు. కంపెనీ ఏడాది చివర ఇచ్చే పన్ను సర్టిఫికెట్ సరిపోదు, నెలనెలా జీతం స్లిప్పులు కావాలి. జీతాన్ని రూపాయల్లోకి మార్చడానికి, అది రావాల్సిన నెలకి ముందు నెల ఆఖరి రోజు స్టేట్ బ్యాంక్ టీటీ బయింగ్ రేటు (బ్యాంకు విదేశీ కరెన్సీ కొనే రేటు) తీసుకోవాలి, పన్నుకి పన్ను కోసిన నెలకి ముందు నెల ఆఖరి రోజుది. గూగుల్లో కనిపించిన రేటు వేసి, ఏడాది మొత్తానికి ఒకే సగటుతో గుణించినవి నా దగ్గరికి చాలా వస్తుంటాయి. అవి నిలబడవు.

ఇంకో మెలిక. జర్మనీలో నెలనెలా కోసేటప్పుడు ఏడాది పొడుగునా అదే జీతం వస్తుందన్నట్టు కోస్తారు. 2022లో ఆవిడకి అక్కడ మూడు నెలల జీతమే. రిటర్న్ వేస్తే కొంత వెనక్కి వస్తుంది. అయితే జనవరి నుంచి సెప్టెంబర్ దాకా ఇండియాలో వచ్చిన జీతాన్ని కూడా అందులో చెప్పాలి, దాని మీద పన్ను వెయ్యరు కానీ రేటు తేల్చేటప్పుడు కలుపుతారు. అందుకని నెట్‌లో కాలిక్యులేటర్ చూపించినంత రిఫండ్ రాదు. వచ్చినంతా మనది కూడా కాదు. క్రెడిట్ అనేది అక్కడ చివరికి తేలిన పన్ను, ఆ ఆదాయం మీద ఇక్కడ పడే పన్ను, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతే. ఈ కేసులో జర్మనీదే తక్కువ. కాబట్టి అక్కడ వెనక్కి వచ్చిన ప్రతి యూరో ఇక్కడ క్రెడిట్‌లో తగ్గిపోయి మనకి కట్టాల్సిందవుతుంది. స్లిప్పుల్లో కోసిన మొత్తానికి క్రెడిట్ తీసేసుకుని, ఆరు నెలల తర్వాత రిఫండ్ కూడా తీసుకునేవాళ్ళున్నారు. అది తెలియక చేసినా సరే, తప్పుడు క్లెయిమే.

నేనైతే రిఫండ్ ఎంత రావచ్చో ముందే లెక్కగట్టి, అది తీసేసి మిగిలినదానికే ఫామ్ 67లో క్రెడిట్ అడిగాను. 2022 ఆగస్టు సవరణకి ముందు ఈ ఫామ్ రిటర్న్ గడువులోపే పెట్టాలి, ఆ సవరణతో అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ఆఖరుదాకా టైం వచ్చింది. అయినా రిటర్న్‌తో పాటే పెట్టేస్తాను. నవంబర్‌లో జర్మనీ నుంచి అసెస్‌మెంట్ ఆర్డర్ వచ్చింది, నా అంచనాకి కొద్ది యూరోల తేడా. డిసెంబర్ 31 లోపు రివైజ్డ్ రిటర్న్, కొత్త ఫామ్ 67 వేశాం. 2023 మొదటి మూడు నెలల పన్ను 2024లోగానీ తేలదు, అప్పటికి రివైజ్ గడువు దాటిపోతుంది, అందుకే ఆ భాగానికి అంచనా ఇంకా జాగ్రత్తగా తక్కువ వేశాను. అడ్వాన్స్ ట్యాక్స్ కట్టలేదు కాబట్టి 234బి, 234సి వడ్డీలు ముప్పై వేల దాకా పడ్డాయి. 2023-24కి మాత్రం సెప్టెంబర్ 15 వాయిదా నుంచే కట్టించాను.

పన్ను చట్టంలో రెసిడెంట్ అయిన ఇదే మనిషి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) ప్రకారం మాత్రం నాన్ రెసిడెంటే! ఫెమా రోజులు చూసి ఊరుకోదు, ఉద్యోగం కోసం బయటికెళ్తే వెళ్ళిన రోజు నుంచే హోదా మారుతుంది. కాబట్టి పాత సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (ఇక్కడి ఆదాయం పడే ఎన్నారై ఖాతా) మార్చాలి, ఎన్‌ఆర్‌ఈ ఖాతా (విదేశీ సంపాదన దాచుకునేది) తెరవచ్చు. ఆవిడ ఎన్‌ఆర్‌ఈలో డిపాజిట్ వేశారు. దాని వడ్డీ మినహాయింపుకి చట్టం చూసేది ఫెమా హోదానే, కాబట్టి రెసిడెంట్‌గా రిటర్న్ వేసినా బయట ఉన్నంత కాలం ఆ వడ్డీకి పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓ వడ్డీ మీద బ్యాంకు 31.2 శాతం కోసింది, అది రిటర్న్‌లో సర్దుకున్నాం. విజయవాడ ఫ్లాట్‌లో అద్దెకున్నాయన, ఓనరు ఎన్నారై అయితే అద్దెలో 31.2 శాతం టీడీఎస్ కోయాలట కదా అని టెన్షన్ పడ్డారు. అది ఓనరు పన్ను చట్టం ప్రకారం నాన్ రెసిడెంట్ అయితేనే. ఈవిడ కాదు, అద్దె నెలకి యాభై వేలు కూడా దాటదు, అసలు కోయక్కర్లేదని ఒక ఉత్తరం రాసిచ్చాను.

ఈ కేసు నడిచింది 1961 చట్టం కింద. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది 2025 చట్టం, అందులో సెక్షన్ నంబర్లు, సంవత్సరాన్ని పిలిచే పేరు మారాయి. 182, 60, 365 అనే రోజుల లెక్క మాత్రం అలాగే ఉంది.

ఇక చివరిది, మ్యూనిక్ బ్యాంకు ఖాతా. ఆర్డినరీ రెసిడెంట్ (ఇందాకటి మధ్యరకం కాకుండా పూర్తి రెసిడెంట్) అయినవాళ్ళు విదేశీ ఖాతాలన్నీ ఐటీఆర్-2లో షెడ్యూల్ ఎఫ్‌ఏలో (విదేశీ ఆస్తుల పట్టిక) చూపించాలి, అదీ క్యాలెండర్ సంవత్సరం లెక్కన. చూపించకపోతే నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా ఉంది. 2024 అక్టోబర్ నుంచి, స్థిరాస్తి కాకుండా మొత్తం 20 లక్షలకి మించకపోతే ఆ జరిమానా వెయ్యరు, చూపించాల్సిన బాధ్యత మాత్రం పోలేదు. ఖాతాల వివరాలు ఆ దేశాల నుంచి మన శాఖకి వస్తూనే ఉంటాయి. ఆవిడ ఖాతా 2022 అక్టోబర్‌లో తెరిచారు కాబట్టి మొదటి రిటర్న్‌లోనే చూపించాం, 2023కి రెండోసారి. తిరిగొచ్చాక ఆఖరి కరెంటు బిల్లు, ఇంటి డిపాజిట్ వాపసు వచ్చేదాకా అని ఆ ఖాతాని అలాగే ఉంచి 2024 ఫిబ్రవరిలో మూశారు. దాంతో 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ రిటర్న్‌లో కూడా ఆ ఖాతా నంబరు, ఏడాదిలో ఉన్న గరిష్ఠ బ్యాలెన్సు, మూసేనాటి బ్యాలెన్సు వెయ్యాల్సి వచ్చింది. బ్యాంకు పంపిన మూసివేత ఉత్తరం పీడీఎఫ్ ఆ ఫైల్లోనే పెట్టాను.